పిల్లల బర్త్‌డే పార్టీల బిజినెస్ మొదలుపెట్టాలంటే

ముందే పెద్ద ఫంక్షన్ హాళ్ళ జోలికి పోకండి, మీ అపార్ట్‌మెంట్‌లోనో కాలనీలోనో 20 మంది పిల్లలొచ్చే చిన్న పార్టీ ఒకటి ఒప్పుకోండి చాలు. హైదరాబాద్‌లో ఉంటే సామానంతా బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతుంది, ఎలక్ట్రిక్ బెలూన్ పంపు మాత్రం తప్పకుండా కొనండి, నోటితో ఊదుతూ కూర్చుంటే పని తెమలదు. ఎండాకాలంలో బెలూన్లు ఫుల్‌గా ఊదొద్దు, కాస్త మెత్తగా ఉండగానే ముడేసేయండి, లేకపోతే టెర్రస్ మీద వేడికి లోపల గాలి ఉబ్బి పటపటా పేలిపోతాయి. ఆ ముక్కలు వెంటనే ఏరేయాలి, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి, ఇందులో అస్సలు అశ్రద్ధ వద్దండి. ఫుడ్ కూడా మీరే వండి పెడితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, మొదట్లో కేటరింగ్ వాళ్ళకి ఇచ్చేయడమే నయం. డెకరేషన్, గేమ్స్, రిటర్న్ గిఫ్ట్స్ రేట్లు వేరువేరుగా రాసి వాట్సాప్‌లో పంపండి, సగం అడ్వాన్స్ చేతికొచ్చాకే సామాను కొనండి, తెలిసినవాళ్ళైనా సరే.