మట్టి పూత, బ్రష్ ఉతుకు (ఇంట్లో మేకప్ నేర్చుకుందాం – 4వ పాఠం)

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. వారం రోజులపాటు సాయంత్రం ముఖం కడుక్కుని, ఏమీ రాయకుండా గంటసేపు ఉండి, ముక్కు పక్కన, బుగ్గ మీద, దవడ దగ్గర చర్మం ఎలా ఉందో నోటుపుస్తకంలో రాయమన్నాను. రాసినవాళ్ళు ఆ పుస్తకం పక్కన పెట్టుకోండి. రాయనివాళ్ళు పాఠం చదవండి గానీ, మాస్కు, అంటే ముఖానికి వేసుకునే పూత, మాత్రం ఆ వారం పూర్తయ్యాకే మొదలుపెట్టండి. మామూలు రోజున మీ చర్మం ఎలా ఉంటుందో తెలియకపోతే, మాస్కు వేశాక ఏం మారిందో ఎలా తెలుస్తుంది?

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. మూడేళ్ళ కిందట నా దవడ పొడవునా చిన్న చిన్న పొక్కులు లేచాయి. దానికి రెండు వారాల ముందే ముల్తానీ మట్టి మొదలుపెట్టాను కాబట్టి నేరం మట్టి మీదే వేశాను. మట్టి మానేసి శనగపిండికి మారాను. తగ్గలేదు. అందులో పెరుగు కలపడం మానేశాను. అయినా తగ్గలేదు. ఒకరోజు మా వదిన నా మాస్కు బ్రష్ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏంటమ్మా ఇది, నానబోసి మర్చిపోయిన పప్పులా కొడుతోంది" అంది. నిజమే. వాడిన ప్రతిసారీ కుళాయి కింద ఒక్కసారి ఆడించి, తడి తడిగానే జిప్పు సంచిలో పడేసేదాన్ని. పిండి మారింది, పెరుగు పోయింది, బ్రష్ మాత్రం అదే. దాన్ని పారేసి కొత్తది కొన్న మూడు వారాలకు దవడ శుభ్రపడింది. ఆ తర్వాత మట్టి మళ్ళీ వేసుకున్నాను, ఏమీ కాలేదు. అందుకే మాస్కునీ బ్రష్‌నీ ఒకే పాఠంలో పెట్టాను.

ముందు మోచేతి మీద

కొత్తది ఏదైనా నేరుగా ముఖానికి వద్దు. మోచేయి మడతలో, రూపాయి బిళ్ళంత మేర రాయండి. ముఖం మీద ఎంతసేపు ఉంచాలనుకుంటున్నారో అంతసేపే ఉంచి కడిగేయండి. అమెరికా చర్మవైద్యుల అకాడమీ అయితే ఇలా రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు చూడమంటుంది. చాలామంది ఒక్కరోజు రాసి, ఏం కాలేదని ధైర్యం తెచ్చుకుంటారు. కొన్ని అలర్జీలు మొదటిసారి కనపడవు, నాలుగైదుసార్లు తగిలాకే బయటపడతాయి. ఎర్రబడినా, దురద పెట్టినా, మంటపుట్టినా ఆ వస్తువు మీది కాదు. పక్కింటావిడకు బంగారంలా పనిచేసి ఉండొచ్చు, మీకు అనవసరం.

పెళ్ళికూతుళ్ళకు ఇక్కడే ఒక మాట. నలుగు రోజున పెద్దవాళ్ళు పెట్టే సున్నిపిండి మీకు చిన్నప్పటి నుంచి అలవాటైందే అయితే బెంగలేదు. పెళ్ళికి నాలుగు రోజుల ముందు ఎవరో కానుకగా ఇచ్చిన కొత్త ఫేస్‌ప్యాక్ మాత్రం మూత తీయకండి.

మట్టి ఎలా పనిచేస్తుంది

ముల్తానీ మట్టికి ఆ పేరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ముల్తాన్ నగరం నుంచి వచ్చింది. ఈ జాతి మట్టిని పూర్వం ఉన్నిలోని జిడ్డు తీయడానికి వాడేవారు. ముఖం మీద చేసే పనీ అదే, జిడ్డు పీల్చడం. కాబట్టి మీ నోటుపుస్తకంలో "ముక్కు పక్కన జిడ్డు" అని ఎక్కువసార్లు ఉంటే మట్టి మీకు సరిపోవచ్చు. "బుగ్గలు బిగుతు, పొట్టు" అని ఉంటే మట్టిని నుదురు, ముక్కు, గడ్డం వరకే ఉంచండి. బుగ్గలకు చిక్కటి పెరుగో, తేనెలో తడిపిన శనగపిండో చాలు. వాటికీ మోచేతి పరీక్ష తప్పదు.

రెండు చెమ్చాల మట్టిలో నీళ్ళో రోజ్ వాటరో కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. దోసెల పిండికన్నా చిక్కగా, గారెల పిండికన్నా పల్చగా ఉండాలి. స్టీలు గిన్నెలో కలపకూడదంటారు. ఐదు నిమిషాల్లో మట్టి వల్ల స్టీలుకు, స్టీలు వల్ల మట్టికి ఏమీ కాదు, ఉన్న గిన్నె వాడుకోండి.

ఇందులో నిమ్మరసం పిండొద్దు. మనవాళ్ళ చిట్కాల్లో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. మన చర్మం పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత) సుమారు 5, నిమ్మరసానిది సుమారు 2. ఆ కొలతలో ఒక్కో మెట్టు దిగితే ఆమ్లం పది రెట్లు పెరుగుతుంది. అంటే మూడు మెట్లకు వెయ్యి రెట్లు. పైగా నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు పడే ప్రమాదం ఉంది, అవి పోవడానికి వారాలు, నెలలు పడుతుంది. నలుపు పోతుందని రాసుకుని నలుపు తెచ్చుకోవడమన్నమాట. వంటసోడా దీనికి ఎదురు కొస, అదీ వద్దు. పసుపు కావాలంటే చిటికెడు కస్తూరి పసుపు వేసుకోండి. వంటింటి పసుపు వేస్తే రెండు రోజులు ముఖమంతా పచ్చగా తిరగాలి.

సగం ముఖం పద్ధతి

మొదటిసారి కుడివైపే వేయండి. ఎడమవైపు ఊరికే కడిగి వదిలేయండి. అద్దంలో నవ్వు వస్తుంది గానీ, మర్నాడు పొద్దున రెండు బుగ్గల మీదా రెండు చేతులు పెట్టి చూస్తే తేడా వేళ్ళకే తెలుస్తుంది. కళ్ళ చుట్టూ, పెదవుల మీద పూయకండి.

ఇక ఎప్పుడు కడగాలన్నది. పూసిన కొత్తలో మట్టి ముదురు రంగులో, తడితో మెరుస్తూ ఉంటుంది. కొన్ని నిమిషాలకు పల్చగా పూసినచోట, ముక్కు రెక్కల పక్కన, వెంట్రుకల మొదట్లో, రంగు తేలిపోవడం మొదలవుతుంది. ఎండలో ఆరేసిన తడిగుడ్డ అంచు ముందు ఆరినట్టు. ఆ తేలిన రంగు నాలుగు పక్కల నుంచి బుగ్గ మధ్యకు పాకుతుంది. మధ్యలో ఇంకా తడి మచ్చ మిగిలి ఉండగానే లేచి వెళ్ళి కడిగేయాలి. పూర్తిగా ఆరి, మాట్లాడితే చెరువు అడుగులా బీటలు తీసేదాకా కూర్చుంటే, జిడ్డు పని ఎప్పుడో అయిపోయి, మిగిలిన తేమ కూడా లాగేస్తుంది. తర్వాత ముఖం పట్టేసినట్టు ఉండటం పనిచేసిందనడానికి గుర్తు కాదు, ఎక్కువసేపు ఉంచారనడానికి గుర్తు. వేసవిలో మా ఇంట్లో ఫ్యాను కింద ఏడెనిమిది నిమిషాలకే ఈ దశ వస్తుంది, వానాకాలంలో పావుగంట పడుతుంది. అందుకే గడియారాన్ని కాకుండా రంగును చూడమంటాను.

గోకి తీయకండి. తడిగుడ్డ అద్ది అరనిమిషం ఉంచితే మట్టి మెత్తబడి అదే జారుతుంది. ముఖం చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. జిడ్డు చర్మానికి వారానికి ఒకటి రెండుసార్లు, మిగతావాళ్ళకు ఒక్కసారి చాలు.

షీట్ మాస్కు (ముఖం ఆకారంలో కత్తిరించి తడిపిన పల్చటి గుడ్డ) గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 15, 20 నిమిషాలుంచి, ఇంకా తడిగా ఉండగానే తీసేయండి. వేసుకుని నిద్రపోకండి. నల్లటి జిగురు పూసి పొరలా లాగే మాస్కులను నేను నేర్పను. అవి ముక్కు మీది నల్లచుక్కలతో పాటు నూగునూ, పైచర్మాన్నీ పీకుతాయి.

ఇప్పుడు బ్రష్

బ్రిటన్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు జనం వాడుతున్న 467 మేకప్ వస్తువులు తీసుకుని పరీక్షించి, 2019లో ఫలితాలు బయటపెట్టారు. లిప్‌స్టిక్కులు, మస్కారాలు, ఐలైనర్లు, స్పాంజీలు అన్నీ ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ బాక్టీరియా దొరికింది స్పాంజీల్లో. వాటిలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివి. 64 శాతం కనీసం ఒకసారి నేల మీద పడినవి. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చి, వెంటనే నా సంచి గుర్తొచ్చి ఆగిపోయింది.

మాస్కు బ్రష్, స్పాంజి వాడిన ప్రతిసారీ ఉతకాలి. ఫౌండేషన్, పౌడర్ బ్రష్‌లను వారం పది రోజులకోసారి. పెరుగు, తేనె తగిలిన బ్రష్‌ను రాత్రికి వదిలేస్తే పొద్దుటికి అది పాలగిన్నెతో సమానం.

గోరువెచ్చని నీళ్ళు, చంటిపిల్లల షాంపూ రెండు చుక్కలు, మీ అరచేయి. అంతే సామాను. కుచ్చును కిందికి వంచి తడపండి. కుచ్చు మొదట్లో చుట్టూ ఉండే లోహపు తొడుగులోకి నీళ్ళు దిగకూడదు. అక్కడే జిగురుంటుంది, అది నానితే వెంట్రుకలు ఒక్కొక్కటిగా ముఖానికి అంటుకుపోతాయి. బ్రష్‌ను గ్లాసు నీళ్ళలో నిలబెట్టి నానబెట్టకూడదనేది కూడా అందుకే. షాంపూ అరచేతిలో వేసుకుని కుచ్చును గుండ్రంగా తిప్పండి. మొదట వచ్చే నురగ పాలు కలిపిన టీలా ఉంటుంది, అది ఎన్నాళ్ళ ఫౌండేషనో. కడిగి, మళ్ళీ షాంపూ, మళ్ళీ కడుగు. నురగ తెల్లగా వచ్చాక, వేళ్ళతో కుచ్చు మధ్యను విడదీసి చూడండి. పైన శుభ్రంగా ఉండి నడుమ ముద్ద మిగలడం అందరికీ జరిగేదే.

బోరు నీళ్ళున్న ఇళ్ళలో సబ్బు సరిగ్గా నురగ రాదు, తెల్లటి తెట్టు కుచ్చుకు పట్టి గరుకవుతుంది. సబ్బు బదులు షాంపూ చెప్పింది అందుకే. చివరి కడుగు మాత్రం తాగే నీళ్ళతో చేయండి, అరగ్లాసు చాలు. కుంకుడు రసం వాడొచ్చా అంటారా? జిడ్డు వదులుతుంది, కానీ పిప్పి కుచ్చులో చిక్కుకుంటే తీయడం గగనం. పైగా కాటుక బ్రష్‌లో మిగిలిన కుంకుడు కంట్లో పడితే ఏమవుతుందో తలంటు పోయించుకున్న ప్రతివాళ్ళకూ తెలుసు.

పిండి, పాత నూలుగుడ్డలో ఒత్తి, కుచ్చును వేళ్ళతో మునుపటి ఆకారానికి సర్ది, బల్ల అంచున పడుకోబెట్టండి. కుచ్చు గాలిలోకి బయటికి ఉండాలి, కాస్త కిందికి వాలినా మంచిదే. కప్పులో నిటారుగా పెడితే నీరంతా తొడుగులోకి దిగుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడి వద్దు.

స్పాంజి సంగతి వేరు. పైపైన కడిగితే లోపలి మురికి లోపలే ఉంటుంది. నీళ్ళలో ముంచి, షాంపూ పట్టించి, గుప్పిట్లో పిండుతూ వదులుతూ ఉండాలి, కారే నీళ్ళు తేటగా వచ్చేదాకా. గోళ్ళు గుచ్చుకుంటే చిరుగుతుంది. తర్వాత మూత ఉన్న డబ్బాలో పెట్టకండి. ఆగస్టు, సెప్టెంబరు ముసుర్లలో స్పాంజి రాత్రంతా ఫ్యాను కింద ఉన్నా నడుమ తడి వదలదు. నొక్కి, చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. లోపల నల్లచుక్కలు కనిపిస్తే బూజు, ఉతికినా పోదు. పారేయండి.

పట్టకారు, రెప్పలు వంచే క్లిప్పు లాంటి లోహపు సామానును 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మందుల షాపులో అడగొచ్చు. 99 శాతం ఇంకా మంచిదనుకోకండి. 70 శాతం దానిలో ఉన్న నీళ్ళే ఆల్కహాల్‌ను సూక్ష్మజీవి లోపలికి వెళ్ళనిస్తాయి, మరీ చిక్కటిది పని కాకముందే ఆవిరైపోతుంది. తుడిచాక పూర్తిగా ఆరనిచ్చి కంటి దగ్గరకు తీసుకెళ్ళండి. పొయ్యి దగ్గర ఈ సీసా తీయకండి.

ఈ వారం రాయాల్సింది

నోటుపుస్తకంలో నా పేజీ ఒకటి చూపిస్తాను:

"బుధవారం. మట్టి, నీళ్ళు. కుడివైపు. 8 నిమిషాలు, మధ్యలో తడి ఉండగా కడిగాను. కొంచెం బిగుతు, క్రీము రాశాక పోయింది. బ్రష్ ఉతికాను. గురువారం పొద్దున: కుడి ముక్కు పక్క జిడ్డు తక్కువ. పొక్కుల్లేవు. బ్రష్ ఆరింది, వాసన లేదు."

బ్రష్ గురించిన ఆ చివరి మాట మర్చిపోవద్దు. నాకు మూడేళ్ళ కిందట ఆ ఒక్క ముక్క రాసే అలవాటుంటే శనగపిండి దాకా వెళ్ళేదాన్ని కాదు. నాలుగు వారాలు ఒకటే మాస్కు, ఒకటే బ్రష్, ఒకటే క్రీము. నచ్చకపోతే వాటిలో ఒక్కదాన్నే మార్చండి, రెండో దాని జోలికి పోకండి.

ఐదో పాఠంలో మన రంగుకు ఫౌండేషన్ ఎంచుకోవడం, దవడ మీద గీత గీసి పగటి వెలుతురులో చూడటం చేద్దాం. దానికి శుభ్రమైన స్పాంజి కావాలి, కాబట్టి ముందురోజు రాత్రే ఉతికి ఫ్యాను కింద పెట్టుకోండి.