కాలేయం ప్రయోగానికి నేల ఉసిరి: తోట నుంచి ఎలుక దాకా

ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసేసినా వారం పది రోజుల్లో దాదాపు పాత బరువుకు వచ్చేస్తుంది. నేల ఉసిరి లాంటి మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్లు (ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాలు) ఈ పెరుగుదలకు సాయపడతాయా అని చూడటానికి పరిశోధకులు హిగ్గిన్స్, ఆండర్సన్ 1931లో వివరించిన కోత పద్ధతే నేటికీ ఆధారం. ఫలితం తేడాగా వస్తే ముందు మొక్కను అనుమానించండి.

వరి గట్టు మీది మొక్క వద్దు. పొలంలో కొట్టిన పురుగుమందు, కలుపుమందు దాని మీదా పడతాయి. కోనసీమలో మందు కొట్టని కొబ్బరితోట చూసుకుని, వానలు పడ్డాక, కాయలున్న మొక్కలు వేళ్లతో సహా పీకండి. రెమ్మ అడుగున కాయ చిన్న కాడతో, నున్నగా వేలాడితే అది మనకు కావలసిన నేల ఉసిరి, ఫిల్లాంథస్ అమారస్. కాడ లేనట్టు అంటుకుని గరుకుగా ఉంటే దాని దగ్గరి జాతి ఫిల్లాంథస్ యూరినేరియా. రెండూ ఒకే మోపులో వచ్చేస్తుంటాయి. ఒక మొక్కను హెర్బేరియం షీటు (ఎండబెట్టి కాగితానికి అతికించిన నమూనా) చేసి, వృక్షశాస్త్రం తెలిసినవారితో పేరు ఖాయం చేయించుకోండి.

అసలు తిప్పలు ఆరబెట్టడంలో. డెల్టా గాలిలో తేమకు నీడన పరిచిన మొక్క బూజు పడుతుంది. కొన్ని బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ సరిగ్గా కాలేయానికే విషం. కడిగి, నీరు ఓడ్చి, 40 డిగ్రీల ఓవెన్‌లో పలచగా పరచండి. వరుసగా రెండు తూకాలు ఒకటే రావాలి. కాడ వంచితే పుటుక్కున విరగాలి. వంగిందంటే తేమ ఉన్నట్టే.

100 గ్రాముల పొడిని లీటరు 70 శాతం ఇథనాల్‌లో మూడు రోజులు, మధ్యమధ్య కుదుపుతూ నానబెట్టి వడకట్టండి. 45 డిగ్రీలు దాటకుండా ఆవిరి చేయండి. ఆల్కహాల్ వాసన మిగిలితే ఎలుకకు పట్టొద్దు, అదీ కాలేయానికి చేటే. కిలోకు 200 మి.గ్రా. మోతాదైతే 200 గ్రాముల ఎలుకకు 40 మి.గ్రా.; 1 మి.లీ. 0.5 శాతం సీఎంసీ (మందు అడుగుకు దిగకుండా నీటిని చిక్కబరిచే పొడి) ద్రావణంలో కలిపి గొట్టంతో పట్టాలి. కంట్రోల్ గుంపుకు ఉత్త సీఎంసీ.

శస్త్రచికిత్స జంతు నైతిక సంఘం అనుమతితో, శిక్షణ ఉన్న చేతులతోనే. కాలేయంలో మధ్య, ఎడమ తమ్మెలు (లోబులు) తీస్తే సుమారు 70 శాతం పోతుంది. తమ్మె మొదట్లో కట్టే ముడిని మహాసిరకు (రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిరకు) మరీ దగ్గరగా బిగిస్తే రక్తం బయటికి పోయే దారి ఇరుకై, మిగిలిన కాలేయం ఉబ్బి నల్లబడుతుంది. ఆ ఎలుక బతకదు. తర్వాత నీళ్లలో గ్లూకోజు కలపండి, నొప్పికి మందు తప్పనిసరి. పారాసెటమాల్ మాత్రం వద్దు.

తీసిన ముక్క 7 గ్రాములుంటే మొత్తం 10 అనుకోండి. ఏడో రోజు కాలేయం 8.5 గ్రాములు తూగితే 85 శాతం. కొవ్వు, వాపు కూడా తూకంలో పడతాయి కాబట్టి మరో గుంపులో 24 గంటలకే కీ-67 (విభజనలో ఉన్న కణాల్లో కనిపించే ప్రోటీన్) రంగుతో విభజిస్తున్న కణాలు లెక్కించాలి. మోతాదు పెంచితే మేలు పెరుగుతుందనుకోవద్దు: కణాలను విభజనకు లేపే సంకేతాల్లో కొద్దిపాటి ఆక్సీకరణకూ పాత్ర ఉంది. అందుకే కిలోకు 100 మి.గ్రా. గుంపును కూడా పక్కనే నడపండి.