ఫోటోతో శిల్పం – 4వ పాఠం: తొమ్మిది ట్యాంకులు

పోయిన పాఠంలో ఒకే కుర్చీని నాలుగు వైపుల నుంచి తీయమన్నాను. ఆ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. కుర్చీ కన్నా దాని చుట్టూ ఉన్న ఖాళీయే ఎక్కువ మారి కనిపిస్తుంది. ఈసారి వీధిలోకి వెళ్దాం. తోడుగా ఇంకొకరిని పిలుచుకోండి, ఇది ఇద్దరి పని.

జర్మనీకి చెందిన బెర్న్డ్, హిల్లా బెహర్ దంపతులు 1959 నుంచి కలిసి నీళ్ల ట్యాంకులు, బొగ్గుగనుల హెడ్‌గేర్లు (గనిలోకి మనుషుల్ని దించి, బొగ్గు పైకి లాగే చక్రాల గోపురాలు), బ్లాస్ట్ ఫర్నేసులు (ఇనుము తీసే పెద్ద కొలుములు) ఫోటో తీశారు. ఏ ఇంజినీరో అవసరం కోసం కట్టిన వాటిని ‘అనామక శిల్పాలు’ అన్నారు. 1990లో ఇటలీలో జరిగే వెనిస్ బియనాలే అనే పెద్ద కళా ప్రదర్శనలో వారికి గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. ఫోటోలకు కాదు, శిల్పానికి! ఏ ఫోటో ఎవరు తీశారో వారు విడదీసి చెప్పుకోలేదు కూడా.

వారి పద్ధతిలో నాకు బాగా నచ్చేది వెలుగు సంగతి. గుండ్రదనం తెలియాలంటే నీడ పడాలి కదా అనుకుంటాం. వారు మాత్రం మబ్బు పట్టిన రోజు కోసం కాచుకునేవారు. ఎండలో తీస్తే ఆ పూట నీడే ముందు కంటపడుతుంది, కట్టడం వెనక్కి పోతుంది. మరి రూపం ఎలా తెలుస్తుంది? పక్కనున్న మరో ట్యాంకుతో పోల్చినప్పుడు. ఒకదానికి ఆరు స్తంభాలు, ఇంకోదానికి ఎనిమిది. ఒకటి గిన్నెలా, ఇంకోటి డబ్బాలా. అందుకే వాటిని వరుసలుగా పేర్చి ఒకే పటంగా చూపేవారు.

ఇక మీ వంతు. మీ చుట్టుపక్కల ఊళ్లలో తొమ్మిది మంచినీళ్ల ట్యాంకులు వెతకండి. కింద నిలబడి ఫోన్ పైకెత్తితే స్తంభాలు పైన దగ్గరపడినట్టు వంగిపోతాయి. కాబట్టి ట్యాంకు సగం ఎత్తుకు వచ్చే డాబా ఏదైనా ఎక్కండి (ఇంటివాళ్లను అడిగే!). డాబా దొరక్కపోతే బాగా దూరం జరిగి జూమ్ చేయండి. ఫోన్‌లో గ్రిడ్ గీతలు పెట్టుకుని, స్తంభం గీతకు సమాంతరంగా ఉందో లేదో ఒకరు చూసి చెప్పాలి, రెండోవారు నొక్కాలి. తర్వాతి ట్యాంకు దగ్గర ఒకరి పని ఇంకొకరు తీసుకోండి.

తొమ్మిదింటిలోనూ ట్యాంకు ఒకే ఎత్తులో కనిపించేలా కత్తిరించి, నలుపు తెలుపుల్లో ప్రింటు తీయించండి. మూడేసి చొప్పున మూడు వరుసలు. ఏది ఏ పక్కన ఉండాలో ఇద్దరూ ఒప్పుకునేదాకా అతికించకండి. ఆ వాదన ఒక సాయంత్రం పట్టొచ్చు, పట్టనివ్వండి.

వచ్చే పాఠానికి ఆ ప్రింట్లు, ఒక అట్టపెట్టె, జిగురు దగ్గర పెట్టుకోండి. గోడ మూల మీద వాటిని మడిచి నిలబెడదాం.