పాత కారు సీటు తొడుగు విప్పే ముందు మేకుల రంధ్రాలు చూడండి

పాతకాలపు కారు సీటుకు ఉన్న గుడ్డ లేదా తోలు తయారీనాటిదో, తరువాత మార్చినదో తేల్చుకోవాలంటే పైభాగాన్ని చూసి లాభం లేదు. సీటును బయటికి తీసి, బోర్లించి, తొడుగు అంచు చెక్క చట్రానికి బిగించిన చోటును పరిశీలించాలి. మేకుల రంధ్రాలు ఒకే వరుసలో ఉండి, తుప్పు మరకలు సరిగ్గా వాటి చుట్టూనే గుడ్డలోకి ఇంకి ఉంటే అది అసలుదే కావచ్చు. ఖాళీ రంధ్రాలు అదనంగా కనిపిస్తే మాత్రం ఎవరో ఒకసారైనా విప్పి మళ్లీ కొట్టారన్నమాట. గుర్రపు వెంట్రుకలో, దూదో ఉండవలసిన 1930ల నాటి సీటులో పాలీయూరిథేన్ ఫోమ్ (స్పాంజి లాంటి కృత్రిమ పదార్థం) ఉంటే, అది నిస్సందేహంగా తరువాతి పనే.

తొడుగు అంచు మడత లోపల ఎండ సోకని సన్నని పట్టీ ఒకటి మిగిలి ఉంటుంది. అసలు రంగుకు అంతకంటే నమ్మదగిన ఆధారం నాకు తెలియదు. కొత్త గుడ్డ కొనవలసి వస్తే దానితోనే పోల్చండి, వెలిసిన పైభాగంతో కాదు.

విప్పే ముందు ప్రతి కుట్టునూ ఫోటో తీసి, ఊడివచ్చిన పీలికలను కూడా కత్తిరింపు నమూనాలుగా దాచండి. తోలు చిన్నగా చిరిగితే మార్చనవసరం లేదు, వెనుకనుంచి పలుచని గుడ్డ అతికిస్తే చాలు. వేలితో రుద్దినప్పుడు ఎర్రటి పొడి రాలే తోలుకు మాత్రం తడిగుడ్డ అసలు తగలనివ్వకండి, అది నల్లబడి బిరుసెక్కిపోతుంది.