ఇంట్లో డబుల్ బ్యారెల్ తుపాకి పెట్టుకున్నవాళ్ళకి: సమస్య - పరిష్కారం

మాది నెల్లూరు జిల్లా, ఇల్లు మాత్రం చెన్నై నీలాంకరైలో, సముద్రం పక్కనే. మామగారు పోయాక ఆయన 12 బోర్ డబుల్ బ్యారెల్ లైసెన్సు నా పేరు మీదకి మారింది, కాల్చడం మాత్రం నాకు ఓనమాలు కూడా రాదు, షూటింగ్ రేంజికి పోయి మాస్టర్ దగ్గర నేర్చుకున్నా. నన్ను ఏడిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నా. ఏం చేసినా ముందు తుపాకి మడిచి, కాట్రిడ్జ్ (తూటా) కూర్చునే రెండు ఛాంబర్లూ ఖాళీయేనా అని కంటితో చూసి, వేలు పెట్టి కూడా తడమండి.

భుజం కమిలిపోతోంది, చెంప వాస్తోంది

తుపాకిది కాదు తప్పు, పట్టుకోవడంలో ఉంది. భయంతో వదులుగా పట్టుకుంటాం, బట్, అంటే తుపాకి వెనక చెక్క, పోయి చేతి కండ మీద కూర్చుంటుంది, కాల్చగానే వెనక్కొచ్చి గుద్దుతుంది. మోచెయ్యి కొంచెం పైకెత్తితే కాలర్ ఎముక కింద చిన్న గుంట పడుతుంది చూడండి, బట్ అక్కడ గట్టిగా ఆనాలి, ఆగిపోయిన బండిని తోసేటప్పుడు ఎట్టా వంగుతామో అట్టా ముందుకి వాలాలి. చెంప ముందే చెక్కకి ఆనించేస్తే అది వచ్చి కొట్టేదేమీ ఉండదు. మొదట్లో 24 గ్రాముల గుండ్లుండే టార్గెట్ కాట్రిడ్జ్‌లు చాలు, ఎస్‌జీ, ఎల్‌జీ అనే పెద్ద గుండ్ల వాటి జోలికి పోవద్దు.

పది అడుగుల్లో ఉన్నది కూడా తగలట్లేదు

షాట్‌గన్ అంటే ఎటు పెట్టినా చల్లినట్టు పడుతుంది అని చాలామంది నమ్మకం, నాదీ అంతే. హిందూ పేపర్ అట్టకి అంటించి నాలుగు మీటర్ల నుంచి కాలిస్తే పడిన బొక్క ఇడ్లీ అంత కూడా లేదు! గది దూరంలో గుండ్లు విచ్చుకోవు, కాబట్టి గురి చూడాల్సిందే.

మరి ఎందుకు తప్పుతోంది? గుండు కిందకి పోతుంటే, చప్పుడు రాకముందే ఒళ్ళు బిగుసుకుని బ్యారెల్ మూతి కిందకి దిగుతోందని అర్థం. మా మాస్టర్ నాకు చూపించకుండా డమ్మీ కాట్రిడ్జ్ (పేలని ఉత్తిది) ఒకటి కలిపి పెట్టాడు, క్లిక్ అంది, పేలలేదు, కానీ బ్యారెల్ మూతి మాత్రం బెత్తెడు కిందకి పోయింది, సిగ్గేసింది అనుకోండి. రోజూ ఇట్టా పదిసార్లు చేస్తే పోతుంది. పైకి పోతుంటే తల ఎత్తేస్తున్నట్టు, "తలయ తూక్కాదీంగ సార్" (తల ఎత్తొద్దు సార్) అని ఆయన అరవని రోజు లేదు. పక్కకి పోతుంటే ఏ కన్ను బలమైందో చూసుకోండి: రెండు చేతులతో చిన్న సందు చేసి అందులోంచి ఫ్యాన్ చూస్తూ ఒక్కో కన్నూ మూయండి, ఏ కన్ను మూస్తే ఫ్యాన్ మాయమైందో అదే మీ బలమైన కన్ను. కుడిచేతి వాళ్ళకి ఎడమ కన్ను బలమైతే ఎడమ భుజానికి మారడం మంచిది, కుదరకపోతే ఎడమ కళ్ళద్దం మీద చిన్న టేపు ముక్క.

రెండో దెబ్బ పేలదు, లేదా రెండూ ఒకేసారి పేలతాయి

రెండు ట్రిగ్గర్లుంటే మామూలుగా ముందుది కుడి బ్యారెల్, వెనకది ఎడమది. కంగారులో ముందుదే మళ్ళీ నొక్కుతాం, డమ్మీలతో వేలికి అలవాటు చెయ్యాలి. రెండూ కలిసి పేలితే వేలు జారి ఉండాలి, లేదంటే లోపల సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా సుత్తిని ఆపి ఉంచే కొక్కెం) అరిగి ఉండాలి, లైసెన్సున్న గన్‌స్మిత్ చూసేదాకా కాల్చొద్దు.

క్లిక్ మంది, పేలలేదు

వెంటనే మడవొద్దు. మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే రకాలుంటాయి. తర్వాత తీసి ప్రైమర్, అంటే కాట్రిడ్జ్ అడుగున పిన్ను కొట్టే బిళ్ళ, చూడండి, నొక్కు లోతుగా ఉంటే కాట్రిడ్జ్ చెడింది, పైపైన ఉంటే పిన్ను, స్ప్రింగుల పని. తుస్సుమని పేలితే ఇంకా ప్రమాదం, లోపల వాడ్ (మందుకీ గుండ్లకీ మధ్య ఉండే అడ్డు బిళ్ళ) ఇరుక్కుని ఉండొచ్చు, బ్యారెల్లోంచి వెలుగు చూడకుండా రెండోది పెట్టొద్దు. మామగారి పాత కాగితం కాట్రిడ్జ్‌లు తేమకి ఉబ్బి లోపలికి పోలేదు, తోసి కూర్చోబెట్టకుండా డీలర్‌కి ఇచ్చేశా. 20 బోర్‌ది, అంటే ఇంకా సన్న సైజు కాట్రిడ్జ్, అసలు కలవనీయొద్దు, అది 12 బోర్ లోపలికి జారిపోయి ముందు ఇరుక్కుంటుంది, దాని వెనక 12 పెట్టి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది.

రాత్రి చప్పుడైతే చెయ్యి తుపాకి మీదకి పోతోంది

దీనికి మందు రేంజిలో దొరకదు. పగలు ఇల్లంతా తిరిగి ప్రతి తలుపు వెనక ఏముందో చూశా, హాల్లో మేం వేయించిన జిప్సం పార్టిషన్ వెనకాలే అత్తగారి మంచం! అటు కాలిస్తే ఏమయ్యేదో. కాబట్టి వెతుక్కుంటూ పోవద్దు, అందరూ ఒకే గదిలోకి చేరి గడియ పెట్టి 112కి ఫోన్ చెయ్యండి. భారతీయ న్యాయ సంహిత 41వ సెక్షన్ ప్రకారం రాత్రిపూట ఇల్లు బద్దలుకొట్టి వచ్చినవాడి మీద ఆత్మరక్షణ హక్కు వాడి ప్రాణం తీసేదాకా పోవచ్చు, కానీ 37వ సెక్షన్ చెప్పేది అవసరానికి మించి హాని చెయ్యొద్దని, గోడ దూకి పారిపోయేవాడి వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే ఎవరు ఒప్పుకుంటారు? తుపాకి ఒక బీరువాలో, తూటాలు ఇంకో తాళంలో, తాళాలు పిల్లలకి తెలియకూడదు.

బ్యారెల్ మీద ఎర్ర పొడి

ఎలక్షన్ కోడ్ వస్తే స్టేషన్లో డిపాజిట్ చేస్తాం గదా, నాది తిరిగొచ్చేసరికి తుప్పు పట్టి ఉంది. ఇప్పుడు ఇచ్చేముందు లోపలా బయటా నూనె రాస్తా, తోలు కవర్ తీసేస్తా, అది తేమ పీలుస్తుంది. పైపై తుప్పుకి నూనెలో ముంచిన సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దితే పోతుంది, లోపల నల్ల గుంటలు కనిపిస్తే మాత్రం గన్‌స్మిత్ దగ్గరికే.