పాత ఎక్స్‌పీ కంప్యూటర్ నెమ్మదించినప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న విడుదలైంది. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు నిలిపివేసింది. అయినా పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రాము), అను అనే తెలుగు ఫాంట్లతో నడిచే డీటీపీ కేంద్రాల్లోనూ, కొత్త విండోస్‌కు డ్రైవర్ దొరకని పాత ప్రింటర్లు, స్కానర్లు ఉన్న చోట్లా అది ఇంకా కొలువులోనే ఉంది. అలాంటి కంప్యూటర్ నెమ్మదించగానే చాలామంది ఏదో ఒక ‘క్లీనర్’ ప్రోగ్రాము వేసి, విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీని శుభ్రం చేయించి, ఫలితం కనిపించక చివరికి ఫార్మాట్‌కు సిద్ధపడతారు. ఏ పని చేస్తున్నప్పుడు, ఆన్ చేసిన ఎంతసేపటికి నెమ్మదిస్తోందో ముందుగా గమనిస్తే కారణం చాలావరకు అక్కడే బయటపడుతుంది. కింది మార్పులలో దేనికైనా ముందు ముఖ్యమైన ఫైళ్లను మరో డిస్కులోకి కాపీ చేసుకుని, సిస్టమ్ రిస్టోర్‌లో ఒక రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే తిరిగి వెళ్లగల స్థితి) పెట్టుకోవాలి.

ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది

ఎక్కువమంది కనిపెట్టలేకపోయేది ఈ కారణాన్నే. ఐడీఈ (రిబ్బన్ కేబుల్‌తో కలిపే పాత రకం) హార్డ్‌డిస్కు మామూలుగా డీఎమ్ఏ పద్ధతిలో, అంటే ప్రాసెసర్‌తో పని లేకుండా, సమాచారాన్ని నేరుగా మెమరీకి చేరవేస్తుంది. డిస్కుతో మాట్లాడేటప్పుడు టైమ్-అవుట్ (జవాబు సమయానికి రాకపోవడం) లేదా సీఆర్‌సీ (సమాచారం చెడిపోయి చేరడం) దోషాలు ఆరుసార్లు వచ్చాయంటే, ఎక్స్‌పీ తనంతట తానే ఒక్కో మెట్టు వేగం తగ్గిస్తూ చివరకు పీఐఓ పద్ధతికి దిగిపోతుంది. అప్పుడు ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోయవలసి వస్తుంది కనుక, సెకనుకు 100 మెగాబైట్ల దాకా అవకాశమున్న దారిలో 16 మెగాబైట్లు కూడా దాటవు. మిగతా పనులన్నీ దాని వెనుక నిలబడిపోతాయి. ఒకసారి దిగిన తరువాత దోషాలు తొలగిపోయినా అది తిరిగి పైకి రాదు.

నిర్ధారించుకోవడానికి మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, డివైస్ మేనేజర్ అన్న వరుసలో వెళ్లి, ఐడీఈ కంట్రోలర్ల కింద ప్రైమరీ ఐడీఈ ఛానెల్‌ను తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడాలి. అక్కడ ‘అల్ట్రా డీఎమ్ఏ’ అని ఉంటే ఇక్కడ ఏ లోపమూ లేనట్టే. ‘పీఐఓ’ అని ఉంటే ఆ ఛానెల్‌ను అక్కడే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయాలి. విండోస్ దాన్ని మళ్లీ గుర్తించి, మరోసారి రీస్టార్ట్ అడిగాక, డీఎమ్ఏ తిరిగి వస్తుంది. కొద్ది రోజులకే మళ్లీ పీఐఓలోకి జారితే తప్పు సెట్టింగ్‌లో లేదు. ముందు 80 తీగల రిబ్బన్ కేబుల్ మార్చి చూడాలి. ఆపైన ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో ‘డిస్క్’ పేరుతో 7వ నంబరు దోషాలు కనిపిస్తే డిస్కులో బ్యాడ్ సెక్టార్లు (పాడైన భాగాలు) ఉన్నట్టే; అప్పుడు వేగం సంగతి పక్కన పెట్టి, డిస్కులోని సమాచారాన్ని వెంటనే బయటకు తీసుకోవాలి.

రెండు మూడు ప్రోగ్రాములు తెరవగానే డిస్కు లైటు ఆరడం లేదు

మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్కులోని పేజ్‌ఫైల్‌ను మెమరీగా వాడుకుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ పేజీలో కమిట్ ఛార్జ్ (ప్రోగ్రాములన్నీ కలిసి తీసుకున్న మెమరీ) కింద ఉన్న ‘టోటల్’ అంకెను, ఫిజికల్ మెమరీ కింద ఉన్న ‘టోటల్’ అంకెతో పోల్చాలి. రోజువారీ పనిలో మొదటిది రెండోదాన్ని మించుతుంటే ర్యామ్ పెంచడం తప్ప మరో నికరమైన మార్గం లేదు. 2001లో మైక్రోసాఫ్ట్ కనీసం 64 మెగాబైట్లు చాలన్నది, 128 ఉంటే మేలన్నది నిజమే; కానీ సర్వీస్ ప్యాక్ 3, యాంటీవైరస్, ఒక బ్రౌజర్ కలిసిన తరువాత 512 కంటే తక్కువతో నెట్టుకురావడం కష్టం. 1 గిగాబైట్ ఉంటే పేజ్‌మేకర్, ఫొటోషాప్ రెండూ పక్కపక్కనే తెరుచుకోవచ్చు. కొనేముందు మదర్‌బోర్డుకు పట్టేది ఎస్‌డీర్యామా, డీడీఆరా, డీడీఆర్2నా అని చూసుకోవాలి, ఎందుకంటే ఒకదాని స్లాటులో మరొకటి దిగదు. ర్యామ్ పెంచిన ఉత్సాహంలో పేజ్‌ఫైల్‌ను పూర్తిగా తీసేయకూడదు. ‘సిస్టమ్ మేనేజ్‌డ్ సైజ్’ దగ్గర వదిలేయడమే మంచిది.

డెస్క్‌టాప్ కనిపించిన తరువాత కూడా చాలాసేపు ఏదీ తెరుచుకోదు

స్టార్ట్ మెనూలోని రన్‌లో ఎమ్ఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని టైపు చేసి, స్టార్టప్ పేజీలో యాంటీవైరస్ మినహా గుర్తుపట్టగలిగిన అనవసరపు వాటికి టిక్ తీసేయాలి. పేరు తెలియని వాటిని ఒక్కొక్కటిగా తీసి చూడాలే తప్ప అన్నిటినీ ఒకేసారి ఆపితే, ఏది అవసరమైనదో తెలియకుండా పోతుంది.

డీటీపీ కంప్యూటర్లలో దీనికి మరో కారణం కూడా ఉంటుంది. పెళ్లిపత్రికలకు, ఫ్లెక్సీలకు పనికొస్తాయని సీడీలకు సీడీలు ఫాంట్లు ఎక్కించి ఉంటారు. ఫాంట్స్ ఫోల్డర్‌లో వందలకొద్దీ ఉన్నప్పుడు విండోస్ మొదలవడమూ, పేజ్‌మేకర్ తెరుచుకోవడమూ రెండూ ఆలస్యమవుతాయి. అరుదుగా వాడేవాటిని వేరే ఫోల్డర్‌లో దాచి, అవసరమైన రోజున మాత్రమే ఫాంట్స్‌లోకి తెచ్చుకోవాలి. విండోస్‌తో వచ్చిన ఫాంట్ల జోలికి మాత్రం పోకూడదు.

ఏ పనీ చేయకపోయినా సీపీయూ 100 శాతం దగ్గరే ఉంటోంది

టాస్క్ మేనేజర్ ప్రాసెసెస్ పేజీలో విండోస్ సర్వీసులను నడిపే ఎస్‌వీసీహోస్ట్ (svchost) ఆ భారమంతా తీసుకుంటుంటే, ఆటోమేటిక్ అప్‌డేట్స్‌ను మొదట అనుమానించాలి. 2013 చివరలో ఒకదాని స్థానంలో మరొకటిగా పేరుకున్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అప్‌డేట్ల జాబితాను వడపోయడంలోనే ఎన్నో ఎక్స్‌పీ యంత్రాలు గంటల తరబడి ఇలా చిక్కుకున్నాయి. మద్దతు ముగిసింది కనుక ఆ సర్వీసును ఇప్పుడు ఆపేయవచ్చు. అదే చేత్తో నెట్ కేబుల్‌ను కూడా తీసేసి ఈ కంప్యూటర్‌ను లోపలి పనికే పరిమితం చేయడం క్షేమం. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వ్యాపించినప్పుడు ఎక్స్‌పీకి ప్రత్యేకంగా ఒక ప్యాచ్ ఇచ్చారన్నది నిజమే కానీ, ప్రతిసారీ అలా వస్తుందని ఆశించలేము.

బాగానే మొదలై, అరగంట తరువాత మందగిస్తోంది

ఇది చాలావరకు వేడి వల్ల. పెంటియమ్ 4 ప్రాసెసర్లు హద్దు మీరి వేడెక్కితే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. కరెంటు తీసేసి, హీట్‌సింక్‌లో పేరుకున్న దుమ్మును బ్రష్‌తో తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చాలి.

రూపం మార్చుకోవాలంటే వేగం పోతోంది

మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ పేజీలో పర్ఫార్మెన్స్ సెట్టింగ్స్ తెరిచి ‘బెస్ట్ పర్ఫార్మెన్స్’ ఎంచుకుంటే యానిమేషన్లన్నీ పోయి పాత విండోస్ 2000 ముఖం వస్తుంది. అది నచ్చనివారు జాబితా అడుగున ఉన్న విజువల్ స్టైల్స్‌కూ, అక్షరాల అంచులు నునుపు చేసే ఎంపికకూ మళ్లీ టిక్ పెడితే నీలిరంగు రూపం నిలుస్తుంది, వేగంలో తేడా పెద్దగా తెలియదు. మెనూలు తెరుచుకోవడంలో ఆలస్యం అనిపిస్తే రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద, కంట్రోల్ ప్యానెల్‌లోని డెస్క్‌టాప్‌లో మెనూషోడిలే (MenuShowDelay) విలువను 400 నుంచి 100కు తగ్గించవచ్చు. థీమ్ మార్చాలనుకుంటే మీడియా సెంటర్ 2005తో వచ్చిన రాయల్ థీమ్ మైక్రోసాఫ్ట్ సొంతది కనుక నేరుగా పనిచేస్తుంది. బయటి థీముల కోసం విండోస్ థీములను నడిపే యూఎక్స్‌థీమ్ ఫైలును మార్చే ప్యాచ్‌లు వేయడం నాకు సమ్మతం కాదు.

ప్రోగ్రాములు త్వరగా తెరుచుకునేందుకు విండోస్ వివరాలు దాచుకునే ప్రీఫెచ్ ఫోల్డర్‌ను తరచూ ఖాళీ చేయమనే సలహా కూడా ఇలాంటిదే. విండోస్ అందులో 128 ఫైళ్ల దాకా ఉంచి పాతవాటిని తానే తీసేస్తుంది. ఖాళీ చేస్తే తరువాతి బూటింగ్ ఇంకా ఆలస్యమవుతుంది. దానిలాంటిదే అయిన సూపర్‌ఫెచ్, ఎక్స్‌పీ తరువాతి విండోస్ అయిన విస్టాతో వచ్చింది, దాని పేరిట ఎక్స్‌పీ రిజిస్ట్రీలో ఏమి రాసినా ఫలితం శూన్యం.

తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి

అను ఫాంట్లతో చేసిన పేజీలు సరిగానే ఉండి, ఫోన్ నుంచి వచ్చిన మేటర్ మాత్రం డబ్బాలుగా కనిపిస్తే అది యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో తెలుగుకు వాడే ఉమ్మడి అక్షర పద్ధతి) సమస్య. గౌతమి ఫాంటు ఎక్స్‌పీతోనే వచ్చింది కానీ, భారతీయ లిపుల మద్దతు విడిగా ఎక్కించాలి. కంట్రోల్ ప్యానెల్‌లో రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ పేజీలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్ల ఎంపికకు టిక్ పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీనో, డిస్కులో ఉంటే ఐ386 ఫోల్డర్‌నో చూపించి రీస్టార్ట్ చేయాలి. ఆ తరువాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు సరిగా వచ్చి, పేజ్‌మేకర్‌లో అతికించినప్పుడు ప్రశ్నార్థకాలుగా మారితే విండోస్‌లో చేయవలసింది ఇక ఏమీ లేదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. మేటర్‌ను కన్వర్టర్‌తో అను ఫాంటులోకి మార్చిన తరువాతే అందులోకి తీసుకోవాలి.