పేరు తెలియని పాత రీలు కొనే ముందు

అందరూ మెచ్చిన సినిమాల మీద నాకు మోజు లేదు. ఎవరూ పట్టించుకోని చిత్రానికి మిగిలిన ఏకైక ప్రింటు ఇదే కావచ్చన్న ఆశే నన్ను లాగుతుంది. ఆ ఆశలో పడి డబ్బులివ్వకండి. ముందు డబ్బా మూత తీసి వాసన చూడండి. వెనిగర్ ఘాటు కొడితే అసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) ఫిల్మ్ పాడవుతున్నట్టే. దాన్ని మిగతా రీళ్ల దగ్గర ఉంచితే వాటికీ చేటు. 1950ల ముందరి 35 మి.మీ. రీలైతే నైట్రేట్ (సులువుగా నిప్పంటుకునే పాతరకం ఫిల్మ్) కావచ్చు. అంటుకుంటే అది నీటిలోనూ మండుతుంది, ఇంట్లో పెట్టుకోకుండా పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవును సంప్రదించండి.

కొడాక్ ఫిల్మ్ అంచున వృత్తం, చతురస్రం, త్రిభుజం గుర్తులు వెతకండి. ముడి ఫిల్మ్ (ఇంకా బొమ్మ పడని ఫిల్మ్) తయారైన ఏడాదిని అవి చెబుతాయి. అయితే చాలాకాలం అవే గుర్తులు 20 ఏళ్లకోసారి మళ్లీ వాడారు. దృశ్యాల్లోని దుస్తులు, కార్లు చూసి దశాబ్దం తేల్చుకోవాలి (నాకు అసలు సరదా ఇక్కడే). రంగు వెలిసి గులాబీ తిరిగిన ప్రింటును చాలామంది తోసిపుచ్చుతారు. చిత్రం అరుదైనదైతే నేను మాత్రం గట్టిగా బేరమాడి కొంటాను.